మాస్టారి ఓరచూపూ, మా బామ్మ కెమెరా

ఫోటోల వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మనిషి కదా, ఖాళీగా ఉంటుంది, నాలుగు మంచి మాటలు చెబుతుందని వాళ్ళ ఆశ. కాఫీ చల్లారకముందే అసలు విషయం బయటపెడతారు. "ఆంటీ, ఉన్న కెమెరానే ఉంచుకోమంటారా, కొత్తది తీసుకోమంటారా?" వెలుతురు ఎటునుంచి పడాలో అడగరు. పెళ్ళికూతురి మేనత్తని నొచ్చుకోకుండా ఫ్రేములోంచి ఎలా జరపాలో అడగరు. ఆ రెండో విద్య నాకు వంటబట్టేసరికి సగం సర్వీసు అయిపోయింది.

నోటితో చెబితే కాసేపు విని, ఆ తర్వాత ఫోను చూసుకుంటారు. అందుకని రాస్తున్నాను. మా వృత్తిలో ప్రమోషన్లు లేవు కాబట్టి వాటి గురించి రాసే పని తప్పింది. మొదట్లో ఫోటో అమ్మాయి అన్నారు, తర్వాత ఫోటో మేడం అన్నారు, చివరికి ఫోటో ఆంటీ అన్నారు. నా ఎదుగుదల ఇంతే. కెమెరా మార్చాలా వద్దా అన్న ప్రశ్న నిజంగా నా పీకల మీదికి వచ్చిన సందర్భం ఒకటుంది. అదే చెబుతాను. మీకు పనికొస్తుందో లేదో మీరే తేల్చుకోండి.

మా స్టూడియోలో మేమిద్దరం

విజయవాడ గవర్నరుపేటలో మా ఆయన వెంకట్రావు గారికి చిన్న స్టూడియో ఉండేది. తొంభైల్లో నేను అందులో కాలుపెట్టింది ఫోటోలు తియ్యడానికి కాదు, ఫ్లాష్ లైటు పట్టుకోవడానికి. ఒకసారి ఉయ్యూరులో వోణీల ఫంక్షనుకి వెళ్ళాం. ఆ పిల్ల మా ఆయన్ని చూసి దించిన తల మళ్ళీ ఎత్తదు. చుట్టాలందరూ "తలెత్తవే, నవ్వవే" అని కాకిగోల. వాళ్ళ నాయనమ్మ విసిగిపోయి నా వైపు తిరిగి, "ఏమ్మా, ఆ లైటేదో ఆయనకిచ్చి ఆ డబ్బా నువ్వు పట్టుకోరాదూ?" అంది. పట్టుకున్నాను. పిల్ల తలెత్తి నవ్వింది. ఆ రోజు నుంచి లైటు మా ఆయన పట్టుకున్నారు.

దీనివల్ల ఆయనకి నష్టమేమీ లేదు. జనానికి మాత్రం మేలే జరిగింది. ఎందుకంటే మా ఆయన తీసిన ప్రతి ఫోటోలోనూ ఏదో ఒక మూల ఎవరిదో తల ఉంటుంది. కేకు పక్కన కొప్పు, పెళ్ళికొడుకు భుజం పక్కన బట్టతల, గృహప్రవేశం ఆవు పక్కన మేస్త్రీ గారి తలపాగా. అడిగితే, "జనం ఉన్నచోట తలలుండవా ఏంటోయ్?" అంటారు. ఫిల్ము రోజుల్లో కటరు పెట్టి, తర్వాత కంప్యూటర్లో, ఆ మూలలు కత్తిరించడం నా కాపురంలో పెద్ద పని.

తలల సంగతి పక్కన పెడితే మనిషి బంగారం. యంత్రాలంటే ప్రాణం. ఏ వస్తువు కొన్నా దాంతోపాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి అట్టదాకా భక్తిగా చదువుతారు. చదివాక వస్తువు నాకిచ్చేసి పుస్తకం తను ఉంచుకుంటారు.

బామ్మ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా మొదటి డిజిటల్ కెమెరా వచ్చింది. రీలు అక్కర్లేదు, కడిగించక్కర్లేదు, తీసిన బొమ్మ అక్కడికక్కడే వెనక చిన్న తెర మీద కనిపిస్తుంది. మా వీధిలో వాళ్ళందరూ వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు. ఎదురు షాపు టైలరు గారు మూడుసార్లు తల దువ్వుకుని వచ్చి ఫోటో తీయించుకున్నారు, ప్రింటు మాత్రం వద్దన్నారు.

ఆ కెమెరాకి ఒక గుణం ఉండేది. బటన్ నొక్కగానే తీసేది కాదు. నొక్కాక లోపల ఏదో సర్దుకుని, సన్నగా ఓ మూలుగు మూలిగి, అప్పుడు తీసేది. తీసినదాన్ని దాచుకోవడానికి ఇంకాసేపు పట్టేది. ఈలోపు ఎంత నొక్కినా పలికేది కాదు. మా అమ్మమ్మగారింట్లో బామ్మ ఒకావిడ ఉండేది. పిలిస్తే "ఆఁ, వస్తున్నానే" అంటూ మోకాళ్ళు పట్టుకుని నిదానంగా లేచేది. వచ్చాక మాత్రం పని శుభ్రంగా చేసి వెళ్ళేది. అందుకని కెమెరాకి కూడా బామ్మ అని పేరు పెట్టాను.

మరి పెళ్ళిళ్ళలో ఈ బామ్మతో వేగడం ఎలా? జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు చేతులు తలల మీద ఆనిన ఆ క్షణమే కావాలి. ఆనాక నొక్కితే బామ్మకి దొరికేది అక్షింతల వానా, మధ్యలో వీడియో అతని మోచెయ్యీ. తల ప్రాణం తోకకొచ్చాక ఒక ఉపాయం దొరికింది. పెళ్ళివారి చేతుల్ని చూడటం మానేసి పంతులు గారి చేతిని చూడటం మొదలుపెట్టాను. ముహూర్తం దగ్గర పడగానే ఆయన గట్టిమేళం కోసం సన్నాయి వాళ్ళ వైపు చెయ్యెత్తి వేలు ఆడిస్తారు. ఆ వేలు కదలగానే నేను నొక్కేదాన్ని. డోలు దబదబా మోగేసరికి చేతులు తలల మీద ఆనేవి, బామ్మ కూడా సరిగ్గా అప్పుడే లేచి వచ్చేది.

తాళికీ, తలంబ్రాలకీ, అప్పగింతల్లో ఏడుపుకీ అన్నింటికీ ఇలాంటి గుర్తులు పెట్టుకున్నాను. ఏడవబోయే తల్లి ముందుగా కొంగు వెతుక్కుంటుంది, అప్పుడు నొక్కాలి. కొన్నేళ్ళకి నా వేలు జరుగుతున్నదాన్ని వదిలేసి జరగబోయేదాని కోసం నొక్కడానికి అలవాటు పడిపోయింది.

మాస్టారి కోరిక

కూచిపూడిలో రామలింగం మాస్టారని నాట్యం గురువు గారు ఉండేవారు. ఆయన శిష్యుల ప్రోగ్రాములకి ఫోటోలు తీసేది నేనే. ఆ ఊళ్ళో మగవాళ్ళే ఆడవేషం కట్టడం పాత ఆచారం. మాస్టారు మీసాలు రాకముందు నుంచీ రాణి వేషం కడుతున్నారు, మీసాలు నెరిసే వయసు దాటినా కడుతూనే ఉన్నారు. కాటుక నాకంటే చక్కగా పెట్టుకుంటారు. ఆ మాట నా మొహం మీదే అంటారు కూడా. "పులమకూడదమ్మాయ్, దిద్దాలి."

ఆయన ప్రవేశం ఎలా ఉంటుందో చెప్పాలి. వేదిక మీద ఇద్దరు అడ్డంగా తెర పట్టుకుంటారు. తెర వెనక నుంచి పొడవాటి జడ ఒకటి ఎగిరొచ్చి ఇవతలికి పడుతుంది, నాతో పోటీకి ఎవరొస్తారో రండి అన్నట్టు. తెర కిందికి జారుతుంది. రాణి మనకి వీపు పెట్టి నిలబడి ఉంటుంది. అప్పుడు తల తిప్పి, భుజం మీదుగా, తాళాలు వాయించేవాళ్ళు కూర్చున్న వైపుకి ఒక్క ఓరచూపు చూస్తుంది. తాళం ఒక్క దెబ్బ పడేంత సేపే. ఆ చూపు కోసం ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళనుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారట.

ఒకరోజు మాస్టారు భార్య సుందరమ్మ గారిని వెంటబెట్టుకుని మా స్టూడియోకి వచ్చారు. కుర్చీలో కూర్చోవడానికే ఆయనకి కాసేపు పట్టింది.

"మోకాలు మాట వినట్లేదమ్మాయ్. వచ్చే నెల్లో మా ఊళ్ళో ఒక్కసారి వేషం కడతాను. అదే ఆఖరు."

"అయ్యో, అదేంటి మాస్టారూ?"

"అయ్యోలు తర్వాత. నాకా ఓరచూపు ఫోటో కావాలి. ఇన్నేళ్ళూ లోకమంతా చూసింది గానీ నేను చూళ్ళేదు."

"అద్దంలో చూసుకోలేదా?" అన్నారు మా ఆయన.

"అద్దంలో చూసుకోవాలంటే కళ్ళు అద్దం వైపు తిప్పాలి గదయ్యా. తిప్పితే ఇంక ఓరచూపెక్కడుంటుంది?"

వీడియో ఉంది గదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అదే అన్నాను. వాళ్ళింట్లో క్యాసెట్టు ఉందట. సరిగ్గా ఆ చూపు దగ్గర ఆపితే బొమ్మ వణికి, మొహం నిండా అడ్డగీతలు వస్తాయట. ఫిల్ము రోజుల్లో ఫోటోగ్రాఫర్లు ఒకరు తెర తీశారు, ఒకరు జడ తీశారు, ఒకరు ఫ్లాష్ కొట్టి ఆయన కళ్ళు మూయించారు.

ఇదంతా వింటున్న సుందరమ్మ గారు, "నేను మాత్రం చూశానేంటమ్మా?" అన్నారు.

"మీరు చూడకపోవడమేంటండీ?"

"మా ఊళ్ళో ఆడవాళ్ళం కూర్చునేది ఇటుపక్క. ఆ చూపేమో తాళాల వాళ్ళుండే అటుపక్క. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ నాకు కనపడింది ఆ జడా, ఈయన చెవీ."

"మా గురువు గారు అటు చూడమని నేర్పారు. అటే చూడాలి," అన్నారు మాస్టారు.

"చూడండి. ఎవరొద్దన్నారు?" అని ఆవిడ కొంగు సర్దుకున్నారు.

అప్పటికప్పుడు స్టూడియోలోనే ఆ చూపు చూడమని అడిగాను. మాస్టారు లేచి, వీపు పెట్టి, తల తిప్పి చూశారు. నాకు బాగానే అనిపించింది. తీసి కెమెరా తెర మీద చూపిస్తే ఆయన పెదవి విరిచారు. "ఇది చూపు కాదమ్మాయ్, కళ్ళు తిప్పడం. వేషం మీద ఉండాలి, తాళం మోగాలి, ఎదురుగా జనం ఉండాలి. అప్పుడుగానీ అది రాదు."

అంటే ఆ చూపు ఇక ఒక్కసారే వస్తుంది. దాన్ని నేను పట్టుకోగలిగితే ఆయన తనని తను చూసుకుంటారు, లేకపోతే లేదు. అంతవరకూ ఏ పెళ్ళికీ పడనంత భయం నాకు ఆ రోజు పట్టుకుంది.

కంకిపాడులో గాల్లో ఆగిన తాళి

సరిగ్గా అప్పుడే మా ఆయనకి కొత్త కెమెరా జ్వరం వచ్చింది. బీసెంటు రోడ్డు షాపతను, "ఓ నెల పెళ్ళిళ్ళకి వాడి చూడండి, నచ్చకపోతే తిరిగిచ్చెయ్యండి," అని చేతిలో పెట్టాడు. పెద్దది, నల్లటిది. నొక్కీ నొక్కగానే తీస్తుంది. మసక వెలుతురులో కూడా బొమ్మ తేటగా వస్తుంది. మా ఆయన కంకిపాడు బస్సులో కూర్చుని దారి పొడుగునా ఆ పుస్తకం పైకి చదివి వినిపించారు. పక్క సీటు పెద్దాయన దిగిపోతూ, "బాగా చదివారండీ," అని మెచ్చుకున్నాడు.

పెళ్ళి పగటిపూటే. పంతులు గారి వేలు ఆడింది, నేను నొక్కాను. టక్. వెనక తెర మీద చూసుకుంటే పెళ్ళికొడుకు చెయ్యి జీలకర్ర బెల్లంతో పెళ్ళికూతురి తలకి జానెడు దూరంలో ఆగి ఉంది. ఆశీర్వదిస్తున్నాడో, మొట్టికాయ వెయ్యబోతున్నాడో తెలియడం లేదు. తాళి దగ్గర జాగ్రత్తగా ఉందామనుకున్నాను. కానీ నా వేలు నా మాట వినలేదు. తాళి గాల్లో వేలాడుతోంది. తలంబ్రాలు ఇంకా దోసిళ్ళలోనే ఉన్నాయి. ఆ పెళ్ళిలో అన్నీ జరగబోతున్నాయి గానీ ఒక్కటీ జరగలేదు.

నీళ్ళు నములుతూ పంతులు గారి దగ్గరికి వెళ్ళాను. "పంతులు గారూ, జీలకర్ర బెల్లం ఇంకొక్కసారి పెట్టిస్తారా?"

ఆయన నావైపు తేరిపార చూశారు. "చెయ్యి పెట్టించమంటే పెట్టిస్తానమ్మా. ముహూర్తాన్ని మాత్రం వెనక్కి పట్టుకురాలేను."

పెట్టించారు. పెళ్ళికూతురు నవ్వాపుకుంది, ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. కానీ గాల్లో తాళి ఫోటో ఒకటి పొరపాటున ఆల్బంలోకి వెళ్ళిపోయింది. పెళ్ళికూతురి తల్లి స్టూడియోకి వచ్చి దాన్ని నా ముందు పెట్టి, "మా అల్లుడు తాళి కట్టాడా అమ్మా, ఊరికే చూపించి జేబులో పెట్టుకున్నాడా?" అని అడిగింది.

ఇది కొత్త కెమెరా తప్పని నేను చెప్పను. అది చెప్పిన పని చెప్పినప్పుడు చేసింది. నేను చెప్పడమే ముందుగా చెప్పాను. కెమెరా మార్చేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతారు. పాత కెమెరా లోపాల చుట్టూ మన చెయ్యి ఒక పద్ధతి అల్లుకుని ఉంటుంది. లోపం పోయినా పద్ధతి అంత తొందరగా పోదు. పెళ్ళయితే చెయ్యి మళ్ళీ పెట్టించవచ్చు. మాస్టారి చూపుని మళ్ళీ చూపించమని ఎవరిని అడగాలి?

బామ్మా, కొత్తదా?

ఇంట్లో మాటకి మాట. "ఆవిడ మూలుగుతూ లేచేలోపు మాస్టారు వేషం విప్పేస్తారు," అని మా ఆయన. "మీ కొత్తదానికి తొందరెక్కువ, అది తెర జారకముందే తీసేస్తుంది," అని నేను. ఆయన చెవినిల్లు కట్టుకుని పోరారు. చివరికి రెండూ తీసుకుని కూచిపూడి వెళ్ళి మాస్టారినే అడుగుదామనుకున్నాం.

ఆ రోజు ప్రాక్టీసు కోసం ఆయన సగం మేకప్పు వేసుకున్నారు. స్టేజీ దీపాలు పెట్టించి రెండింటితోనూ మామూలు ఫోటోలు తీశాను. బామ్మ తీసినదాంట్లో చీకటి ఉన్నచోటల్లా రవ్వ చల్లినట్టు రంగు చుక్కలు. కొత్తదాంట్లో అన్నీ తేటతెల్లం. మా ఆయన గర్వంగా బొమ్మ పెద్దది చేసి చూపించారు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఈ గడ్డం ఎవరిదమ్మాయ్?"

"మీదే మాస్టారూ."

"పొద్దున్నే గీసుకున్నానే!"

"అంత క్లారిటీ అన్నమాటండీ," అన్నారు మా ఆయన. ఇంకాస్త పెద్దది చేశారు. సవరం అతికించిన చోటు జిగురు, పౌడరు కింద ముడతలు, అన్నీ వరుసగా బయటపడ్డాయి.

"ఇందులో ముసలాడు కనపడుతున్నాడు. రాణి ఏదీ?" అన్నారు మాస్టారు. తర్వాత బామ్మ తెర మీదికి వంగారు. "ఇదిగో, ఇందులో ఉంది. కాస్త మసక. పోనీలే, ఆవిడెప్పుడూ కాస్త దూరంగానే ఉంటుంది."

బామ్మే ఖాయమైంది. మాస్టారు కోరారు, నా వేలికి అలవాటు, ఈ రెండూ కారణాలే. మా ఆయన మీద నెగ్గానన్న సంతోషం మూడోది. తాళం వాయించే ఆయన పక్కన కూర్చుని, ఏ దెబ్బ మీద మాస్టారి తల తిరుగుతుందో శిష్యులతో చేయించి నేర్చుకున్నాను. దానికి ముందు దెబ్బ మీద నేను నొక్కాలి.

ఆ సాయంత్రం

ఎండ చల్లబడేసరికి వేదిక ముందు జనం నిండిపోయారు. తాళాల వాళ్ళున్న వైపు, వేదికకి ఆనుకుని కింద కూర్చున్నాను. మాస్టారు తల తిప్పితే సూటిగా నా కళ్ళల్లోకే చూడాలి. జాగాలో పొరపాటు లేదు, తాళం నోటికి వచ్చు, బామ్మలో కొత్తగా ఛార్జి చేసిన సెల్లులున్నాయి.

మిగతా సెల్లులు ఛార్జింగుకి పెట్టడానికి ప్లగ్గు ఆడవాళ్ళు కూర్చునే పక్కన మాత్రమే దొరికింది. దాని కాపలాకి మా ఆయన్ని పంపాను. ఆయన సుందరమ్మ గారి వెనకాల స్టూలేసుకుని ముడుచుకుని కూర్చున్నారు. "దారి తప్పారేంటండీ?" అని ఒకావిడ ఆట పట్టించడం నాకు వినపడుతూనే ఉంది. కొత్త కెమెరా ఆయన మెళ్ళో ఉంది. "రేపు ఎలాగూ తిరిగిచ్చెయ్యాలి గదా, ఈ ఒక్క సాయంత్రం ఉండనీవోయ్," అన్నారు. జాలేసి ఊరుకున్నాను.

తెర పట్టారు. జనం మాటలు ఆపేశారు. జడ ఎగిరొచ్చి తెర మీద పడింది. తెర జారింది. మాస్టారు వీపు పెట్టి నిలబడ్డారు. వెనక నుంచి చూస్తే వయసన్నది ఎక్కడా లేదు. నేను లెక్క చూసుకుని, ముందు దెబ్బ మీద నొక్కాను. బామ్మ మూలిగింది. తాళం పడింది. తల తిరిగింది.

ఇటు కాదు. అటు.

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కసారిగా "అమ్మో" అని వినపడింది. అన్నేళ్ళుగా జడా, చెవీ చూసినవాళ్ళందరూ కలిసి అన్న మాట అది. బామ్మ తెర మీద చూసుకున్నాను. నల్లటి జడ, బంగారు జూకా, దాని వెనక చెవి. బొమ్మ చాలా బాగా పడింది. ఆ తర్వాత ఏం తీశానో నాకు గుర్తు లేదు.

అయిపోయాక మేకప్పు గదికి వెళ్ళాను. మాస్టారు కొబ్బరినూనెతో మొహం తుడుచుకుంటున్నారు. సుందరమ్మ గారు పక్కన కూర్చుని ఆ పొడవాటి జడని చుట్ట చుడుతున్నారు.

"మాస్టారూ, పడలేదండీ," అన్నాను.

"తెలుసమ్మాయ్. నువ్వు ఆ పక్కనున్నావు గదా."

"మరి ఆడవాళ్ళ వైపుకెందుకు తిరిగారు?"

"మోకాలు. అటు తిరగనివ్వలేదు."

సుందరమ్మ గారు జడ మీంచి తలెత్తకుండానే, "నొప్పున్న కాలు అది కాదమ్మా," అన్నారు.

మాస్టారు నూనె గిన్నెలోకి చూస్తూ, అప్పటికే తుడిచిన బుగ్గని మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు. తిరిగితే ఫోటో పోతుందని తెలిసే ఆయన తిరిగారని నాకు అప్పుడర్థమైంది. తన చూపు తను చూసుకోవాలన్న కోరిక వదులుకుని, దాన్ని అటు ఇచ్చేశారు. ఉన్న ఒక్క చూపు సరైన మనిషికే చేరిందని సంతోషమే. అయినా ఆయనకి ఏమీ మిగలకుండా పోయిందని బస్సులో మా ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన పాపం కెమెరా గొడవ ఎత్తలేదు.

మూలనున్న తల

మర్నాడు కెమెరా తిరిగిచ్చే ముందు కార్డులో ఏముందో చూద్దామని కంప్యూటర్లో పెట్టాను. మా ఆయన ముందురోజు సాయంత్రం తీసిన కళాఖండాలు ఒక్కొక్కటే వచ్చాయి. ప్లగ్గు బోర్డు. ఆయన కుడి చెప్పు. ఆట పట్టించిన ఆవిడ సగం మొహం. ఆ తర్వాతది చూసి లేచి నిలబడిపోయాను.

మాస్టారు భుజం మీదుగా చూస్తున్నారు. కాటుక కళ్ళు, కాస్త పైకి లేచిన కనుబొమ్మ, నవ్వీ నవ్వని పెదవి. పౌడరు కింద గడ్డం ఉంది, ముడతలున్నాయి, జిగురుంది. అన్నీ ఉండి కూడా, ఆ రాణి ఉంది. నేను ఆ చూపుని అంతకుముందు ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు.

"ఏవండీ, ఇదెలా తీశారు?"

"నేను తియ్యలేదోయ్. అందరూ ఒక్కసారి అమ్మో అన్నారు. ఉలిక్కిపడ్డాను. వేలు బటన్ మీదుంది."

న్యాయంగా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఆ ఉలికిపాటు సమయంలో ఆయన చేతిలో బామ్మ ఉండి ఉంటే, మూలిగి లేచేసరికి మాస్టారు మళ్ళీ వీపు తిప్పేసి ఉండేవారు. అది కొత్తది కాబట్టే దొరికింది. కెమెరా తిరిగివ్వలేదు, ఉంచేసుకున్నాం. మా ఆయన ఆ విజయాన్ని పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరికీ వివరించారు.

పిల్లలూ, మీ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇదే. ఏం జరగబోతోందో మీకు ముందే తెలిస్తే ఎంత పాత కెమెరా అయినా చాలు. కానీ ఎదుటి మనిషి మీకు చెప్పకుండా అటువైపు తిరగాలనుకుంటే, మీరు నేర్చుకున్న తాళం ఎందుకూ పనికిరాదు. అలాంటి మనుషులు మీకు ఎదురవుతారు, ఎదురవ్వాలనే నేను కోరుకుంటాను. అప్పటికి కొత్తది కొనుక్కోండి. పాతదాన్ని పారెయ్యకండి. బామ్మ ఇప్పటికీ మా బీరువాలో ఉంది, నొక్కితే మూలుగుతుంది.

ఆ ఆదివారం చిన్న ప్రింటు తీసుకుని ఇద్దరం కూచిపూడి వెళ్ళాం. ఏముందో చెప్పకుండా కవరు మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. ఫోటోని వెలుతురు వైపు తిప్పి చూశారు.

"గడ్డం సరిగ్గా గీసుకోలేదు," అన్నారు చివరికి. తర్వాత ఫోటోని భార్య వైపు తిప్పి, కాస్త భయంగా అడిగారు. "ఇన్నేళ్ళూ నేను చూసింది ఇలాగేనంటావా?"

"నాకేం తెలుసు? నేనూ మొన్నే గదా చూడ్డం," అన్నారు సుందరమ్మ గారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

మా ఆయన దగ్గడం చూసి, నాకు అసలు పని గుర్తొచ్చింది. అలవాటు కొద్దీ ఫోటో మీద వేలు పెట్టి చూపించాను. కిందిమూల, బొమ్మకి అడ్డంగా, కనకాంబరాలు పెట్టుకున్న కొప్పు ఒకటి మసకగా ఉంది.

"పెద్దది చేయించి పట్టుకొస్తాను మాస్టారూ. మా ఆయన తీశారు గదా, ఇదిగో, ఈ మూల ఎవరిదో తల అడ్డమొచ్చింది. అది కత్తిరించేస్తాను."

మాస్టారు ఫోటోని చప్పున తన వైపు లాక్కున్నారు.

"ఆ తల తీసేస్తే నేనెవర్ని చూస్తున్నట్టమ్మాయ్?"

మా ఆయన తీసిన ఫోటోల్లో నేను మూల కత్తిరించకుండా పెద్దది చేయించింది అదొక్కటే.